అయిదుగురం, అయిదు వాయిలు

తెలుగులో ఏ వంటల పుస్తకం తెరిచినా ఒకే రకం వాక్యాలు కనిపిస్తాయి. ఉల్లిపాయలు సన్నగా తరుక్కోవాలి. పిండి జారుగా కలుపుకోవాలి. నూనె కాగాక ఒక్కొక్కటే వదిలి ఎర్రగా వేయించుకోవాలి. ఈ వాక్యాల్లో కర్త ఉండదు. ఎవరు తరుక్కోవాలో, ఎవరు కలుపుకోవాలో రాయనక్కర్లేదు. రాసినవాళ్లకీ తెలుసు, చదివే మనకీ తెలుసు.

కర్త లేకపోవడం కన్నా నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆ క్రియల చివరి 'కోవాలి'. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. తన కోసం తాను చేసుకునే పనికి వాడే రూపం. 'అన్నం వండింది' అంటే ఎవరికోసమైనా కావచ్చు. 'అన్నం వండుకుంది' అంటే తన కోసం. మరి నలుగురు ముందుగదిలో కూర్చుని తినే బజ్జీల్ని ఒకామె పొయ్యి దగ్గర నిలబడి 'వేయించుకోవడం' ఏమిటి? అందులో ఆమె తన కోసం చేసుకుంటున్నది ఏముంది? భాష ఎంత సునాయాసంగా ఆమె శ్రమని ఆమె సొంత సరదాగా మార్చేసింది!

నేను పీహెచ్‌డీ చేసింది సాహిత్యంలో. ఆ తర్వాత కొన్నేళ్లుగా వంటల పుస్తకాల్ని స్త్రీల రచనలుగా చదివే పనిలో ఉన్నాను. ఈ మాట చెప్తే సెమినార్లలో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. మాలతీ చందూర్ గురించి మాట్లాడినప్పుడు 1992లో 'హృదయనేత్రి'కి వచ్చిన సాహిత్య అకాడమీ అవార్డు గురించి చెప్పుకుంటాం. మా అమ్మ పెళ్లినాటి ట్రంకు పెట్టెలో మాత్రం ఆమె నవల లేదు. అట్ట ఊడిపోయి, పేజీల నిండా నూనె మరకలు పడ్డ 'వంటలు-పిండివంటలు' ఉంది. అమ్మ తన జీవితంలో ఎక్కువసార్లు తెరిచిన పుస్తకం అదే.

ఈ చదువులోనే నాకు ఆపిల్ బజ్జీ తారసపడింది. ఇంగ్లీషులో ఫ్రిట్టర్ అంటారు. సుమారు 1390లో, రెండో రిచర్డ్ రాజు వంటశాలలోని పెద్ద వంటవాళ్లు కూర్చిన 'ఫోర్మ్ ఆఫ్ క్యూరీ' అనే పాఠంలో అది ఉంది. కొన్ని దుంపలతో పాటు ఆపిళ్లని కూడా ఒక ఉడుకు ఉడికించి, పిండిలో గుడ్లూ, సారా పులియబెట్టే ఈస్టూ, కుంకుమపువ్వూ, ఉప్పూ కలిపి, అందులో ముంచి వేయించి, బాదంపాలతో వడ్డించమంటుంది. ఆ పాఠానికి వైద్య పండితులూ, తత్త్వవేత్తలూ ఆమోదం తెలిపారని మొదట్లోనే రాసుకున్నారు. రాజుగారి మగ వంటవాళ్లు రాస్తే వంట శాస్త్రమైంది.

అదే పని ఒక ఆడమనిషి చేస్తే ఏమైందో కూడా చూడండి. 1747లో లండన్‌లో 'ది ఆర్ట్ ఆఫ్ కుకరీ' అనే పుస్తకం వచ్చింది. భారతీయ పద్ధతిలో 'కర్రీ' చేయడమెలాగో ఇంగ్లీషు అచ్చులోకి ఎక్కిందీ అందులోనే. అట్ట మీద రచయిత పేరు లేదు, 'ఒక స్త్రీ' అని మాత్రం ఉంది. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. రాసిన హన్నా గ్లాస్ మాత్రం 1754లో దివాలా తీసి హక్కులు అమ్ముకుంది. 1778లో ఒక విందులో ఆ పుస్తకం ప్రస్తావన వస్తే, అది నిజానికి జాన్ హిల్ అనే ఒక డాక్టరుగారి రచన అని పుస్తక వ్యాపారి ఒకాయన చెప్పాడు. నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ దాన్ని పూర్తిగా నమ్మలేదు గానీ, ఆడవాళ్లు నూలు వడకగలరేమో, మంచి వంటల పుస్తకం రాయలేరని మాత్రం తేల్చేశాడు. బాస్వెల్ రాసిన జాన్సన్ జీవిత చరిత్రలో ఈ సంభాషణ ఉంది. ఆ 'ఒక స్త్రీ' ఎవరో మాడలీన్ హోప్ డాడ్స్ అనే చరిత్రకారిణి 1938లో తేల్చి చెప్పేదాకా హన్నాకి తన పుస్తకం దక్కలేదు.

హన్నా గురించి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ పుస్తకం పనివాళ్ల కోసం రాశానని ఆమే ముందుమాటలో చెప్పుకుంది. పనిమనిషికి చదవడం వస్తే చాలు, యజమానురాలికి పొయ్యి దగ్గర నిలబడే బాధ తప్పుతుందని. అంటే నిలబడాల్సిన అవసరం పోలేదు, నిలబడే మనిషి మారింది. విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన మా తరానికి దళిత స్త్రీలు గుర్తుచేసిందీ ఇదే. నువ్వు వంటింటి నుంచి బయటపడ్డావంటే, నీ స్థానంలో అక్కడికి వచ్చింది ఎవరు?

ఇంత చదివాక ఆ ఆపిల్ బజ్జీ చేసి చూడాలనిపించింది. మా ఇంట్లో ఇదివరకు ఆపిల్‌ని ఎవరూ నూనెలో వేయలేదు. చిన్నప్పుడు మాకది జబ్బుపడ్డవాళ్ల పండు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లని చూడ్డానికి వెళ్తూ అరడజను కొనుక్కెళ్లడం, ఇంట్లో ఎవరికైనా టైఫాయిడ్ వస్తే రెండు తేవడం. పిల్లలకి చెరో ముక్కా దక్కేది. అమ్మకి గింజల చుట్టూ మిగిలింది.

పోయిన ఏడాది వానాకాలంలో, సిమ్లా ఆపిళ్లు బండ్ల మీదకి వచ్చిన రోజుల్లో, ఒక ఆదివారం సాయంత్రం పని మొదలుపెట్టాం. అమ్మ, నేను, నా సహచరుడు, యూనివర్సిటీలో పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్లు. నాలుగు పండ్లు తీసుకున్నాం. పుల్లగా, గట్టిగా ఉన్నవి ఏరాను. మెత్తబడ్డవి నూనెలో పడగానే గుజ్జయిపోతాయి. తొక్క తీసి, అడ్డంగా సెంటీమీటరు మందాన చక్రాల్లా కోసి, చిన్న సీసా మూతతో ఒత్తి గింజల గూడు తీసేశాం. పండుకి అయిదు చొప్పున ఇరవై చక్రాలు. నల్లబడకుండా నిమ్మరసం రాశాం. పంచదార మాత్రం ముందు చల్లకూడదు. చల్లితే పండు నీరు వదులుతుంది, పిండి అంటుకోదు.

పిండి దగ్గర నేను ఈస్టు, మైదా అని ఏదో మొదలుపెడితే అమ్మ కొట్టిపారేసింది. "పులిసిన పిండే కదా కావాల్సింది? బూరెల తోపు ఉండగా అవన్నీ ఎందుకు?" కోనసీమ మనిషి. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యం ముందురోజే నానబోసి రుబ్బి ఉంచింది. అందులో కాస్త ఉప్పు. ఆరువందల ఏళ్లనాటి రాజుగారి వంటవాళ్లు సారా ఈస్టుతో సాధించినదాన్ని మా అమ్మ మినప్పప్పుతో సాధించింది. ఏ తత్త్వవేత్త ఆమోదమూ తీసుకోలేదు. నూనె 180 డిగ్రీలు ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. అమ్మ ఒక చుక్క పిండి వదిలింది. అడుగుకి పోకుండా, నల్లబడకుండా, బుడగలతో వెంటనే పైకి తేలింది. "ఇదీ అదను" అంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మా బాణలిలో వాయికి నాలుగు చక్రాలు పడతాయి. ఇరవై చక్రాలకి అయిదు వాయిలు. ఒక్కో వాయికి రెండువైపులా కలిపి నాలుగు నిమిషాలు, నూనె మళ్లీ కాగడానికి ఇంకో రెండు. మొత్తం అరగంట. ఆపిల్‌లో నూటికి 85 పాళ్లు నీరే. బాణలిలోంచి తీసిన తర్వాత కూడా ఆ నీరు ఆవిరై పైపొరలోకి ఎక్కుతూనే ఉంటుంది. అయిదారు నిమిషాలు దాటితే కరకరలాడేది కాస్తా తడిగుడ్డలా సాగుతుంది. మిరపకాయ బజ్జీ కాసేపు ఓర్చుకుంటుంది గానీ ఇది ఓర్చుకోదు. అన్నీ వేశాక అందరం కలిసి కూర్చుని తిందాం అంటే కుదరదు. వేడిగా తినేవాళ్లు కూర్చోవాలంటే ఒకరు అరగంట నిలబడాల్సిందే. ఈ తిండి స్వభావమే అంత. 'నలుగురికి సరిపోతుంది' అని పుస్తకంలో రాసినప్పుడు ఆ లెక్కలోకి రాని అయిదో మనిషి ఒకరు పొయ్యి దగ్గర ఉంటారు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఇండక్షన్ పొయ్యి తెచ్చి డైనింగ్ టేబుల్ పక్కన బల్ల మీద పెట్టాం. వాయికి ఒకరు. వేసేవాళ్లు నిలబడతారు, మిగతా నలుగురికీ తలా ఒకటి. అయిదు వాయిలూ అయ్యేసరికి ప్రతి ఒక్కరికీ నాలుగు వేడివి అందుతాయి, ప్రతి ఒక్కరూ ఆరు నిమిషాలు నిలబడతారు. మూడో తరగతి లెక్క. మన ఇళ్లలో ఇన్ని తరాలుగా ఈ లెక్క ఎందుకు చేయలేదు?

మొదటి వాయి అమ్మే వేసింది, అదను చూపించడానికి. రెండోది నా సహచరుడి వంతు. అమ్మని కూర్చోమంటే కూర్చోదు. "అల్లుడుగారు బజ్జీలు వేస్తుంటే నేను కుర్చీలో కూర్చుని తింటానా? బావుంటుందా?" చివరికి కుర్చీ అంచు మీద కూర్చుంది, ఏ క్షణమైనా లేవడానికి సిద్ధంగా. "బాబూ, మంట తగ్గించండి. అటు తిప్పండి, అటు." పళ్లెంలో పడ్డ చక్రం మీద పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి ఇచ్చాను. కొరికింది. కాసేపు ఏమీ అనలేదు.

"ఇంత కరకరలాడతాయా ఇవి?" అంది.

నలభై ఏళ్లుగా మా అమ్మ చేతి బజ్జీలకి చుట్టాల్లో పేరుంది. రంగు చూసి చెప్పగలదు, చప్పుడు విని చెప్పగలదు. తినడం మాత్రం అందరూ తిన్నాక, చల్లారినవి. మధ్యలో ఉప్పు చూడ్డానికి ఒక ముక్క తుంపి నోట్లో వేసుకోవడమే. పండగ బూరెలకి అది కూడా లేదు. నైవేద్యం పెట్టకుండా రుచి చూడకూడదు. తన పనితనం గురించి తనకి తప్ప అందరికీ తెలుసు.

కథ ఇక్కడ ముగిస్తే సుఖంగా ఉంటుంది గానీ, అమ్మ అంత సులువుగా కూర్చోలేదు. మూడో వాయికి రెండుసార్లు లేచింది. నాలుగో వాయి వేస్తున్న స్నేహితురాలి చేతిలోంచి చట్రం అందుకోబోయి ఆగింది. తర్వాత నవ్వుతూనే అంది, "మీరందరూ నేర్చేసుకుంటే ఇంక నాతో పనేముంది?" ఆ నవ్వు వెనక ఉన్నది నవ్వులాట కాదు. ఆ ఇంట్లో, అంతకు ముందు నాన్న ఇంట్లో, అంతకు ముందు అత్తవారింట్లో, ఎవరూ ఎదురు చెప్పలేని ఆమె మాట ఒక్క పొయ్యి దగ్గరే చెల్లింది. నేను ఆమెకి కుర్చీ ఇస్తున్నాననుకుంటే, ఆమెకి తన చోటు పోతున్నట్టుంది. స్త్రీలని వంటింటి నుంచి విముక్తి చేయడం గురించి రాసేటప్పుడు ఈ మాటని ఎక్కడ పెట్టాలి? చాకిరీ పంచుకుంటే సరిపోదు. ఆ చాకిరీలో ఆమె సంపాదించుకున్న విద్యకి ఆమె పేరు ఉండాలి. రెండోది చేయకుండా మొదటిది చేస్తే మనం ఆమెని విశ్రాంతి పేరుతో ఖాళీ చేయించినట్టే.

జాతీయ గణాంక కార్యాలయం కాల వినియోగ సర్వే 2019లో, మళ్లీ 2024లో జరిగింది. ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి అందుకు వెచ్చించే సమయం 299 నిమిషాల నుంచి 289కి తగ్గింది. ఇంటిపని చేసే మగవాళ్లది 97 నుంచి 88కి తగ్గింది. స్త్రీలకి తగ్గిన పది నిమిషాలూ మగవాళ్లు అందుకున్నవి కావన్నమాట. ఈ అంకెల్లో బజ్జీలు వేసిన అరగంట ఉంటుంది. చల్లారినవి తిన్న నలభై ఏళ్లు ఏ గడిలోనూ ఉండవు.

జిడ్డు బాణలి సంగతి కూడా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్లలో ఆదివారం రాత్రి బాణలి నానబెట్టి, సోమవారం పనికొచ్చే ఆవిడ కోసం ఉంచడం ఒక ఆచారం. దాన్ని కూడా వంతుల్లో చేర్చాం. చివరి వాయి నాది కాబట్టి బాణలి కూడా నాదైంది. వడకట్టిన నూనె సీసాలో పోసి, బాణలి తోమి బోర్లించాను.

తర్వాతి వారం నా నోటు పుస్తకంలో ఈ వంటకం రాసుకుందామని అమ్మని చెప్పమన్నాను. పైన ఆమె పూర్తి పేరు రాశాను. ఎందుకంది. తోపు నీది, అదను నీది అన్నాను. కొంచెం మొహమాటపడింది గానీ కొట్టెయ్యమనలేదు. సర్దుకుని కూర్చుని, పుస్తకం చదివినట్టే మొదలుపెట్టింది. "ముందు ఆపిల్ చక్రాలు కోసుకోవాలి..."

"ఎవరు కోసుకోవాలమ్మా?"

ఒక్క క్షణం నావైపు చూసింది. "ఎవరో ఒకరు కోస్తారులే. నువ్వు రాయి" అంది.

నేను అలాగే రాసుకున్నాను. ఎవరో ఒకరు చక్రాలు కోస్తారు. ఇంకొకరు పిండి కలుపుతారు. అయిదుగురికి అయిదు వాయిలు, వాయికి ఒకరు.