లెన్సు వంక చూసేవాడు

ఈమధ్య ఏ కొత్త సినిమా చూసినా మహానగరం డ్రోను కంటికే కనబడుతోంది. తెల్లారగట్ల చార్మినారు, పైన నాలుగు పావురాలు, కింద మనిషన్నవాడు లేడు. వెనక వయొలిన్ ఒకటి. ఇదేమిటయ్యా అంటే ప్రయోగం అంటారు. చార్మినారు చుట్టూ ఉన్న జనాన్ని తీసేశాక మిగిలేది సున్నమూ రాయీ. దానికి సినిమా దేనికి, తపాలా బిళ్ల చాలు.

వీధుల్లో తీసిన సినిమాలంటే నాకు పిచ్చి. వాటిలో నా చూపు హీరో మీద నిలవదు. వెనక గుంపులో ఒకడుంటాడు చూడండి, చేతిలో కూరగాయల సంచీతో. పోతున్నవాడు పోతున్నట్టే ఆగి, సూటిగా లెన్సులోకి చూస్తాడు. ఎడిటర్లకు వాడంటే హడలు. ఆ సినిమా మొత్తంలో అబద్ధమాడనిది వాడొక్కడేనని నా నమ్మకం. నడివీధిలో కెమెరా పెడితే చూడకుండా పోయేవాడు మనిషేనా? ఇక చూడొద్దని డబ్బిచ్చి తెచ్చిన గుంపులో ఒక్కడికైనా ఇంటికెళ్లే తొందర ఉండదు.

ఈ కిటుకు బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్‌కి తెలుసు. 1970ల మొదట్లో కలకత్తా ఊరేగింపులతో, తుపాకులతో అట్టుడికిపోతోంది. ఆ రోజుల్లోనే ‘ఇంటర్వ్యూ’ తీశాడు. ట్రాములో ఒకావిడ సినిమా పత్రిక తిరగేస్తుంటే అందులో ఎదురుగా నిలబడ్డ కుర్రాడి ఫొటో. కుర్రాడు మనవైపు తిరిగి, నేను స్టార్‌ని కాదు, నా పేరు రంజిత్ మల్లిక్, మృణాల్ సేన్ కెమెరా వేసుకుని నా వెంట పడ్డాడు అని చెప్పేస్తాడు. కెమెరామన్ కె.కె. మహాజన్ కూడా తెరమీద ప్రత్యక్షం. జనం లెన్సు చూస్తారేమోనని బెంగపడకుండా హీరో చేతే చూయించాడన్నమాట. కథంటారా, ఇంగ్లీషు కంపెనీలో ఉద్యోగానికి సూటు కావాలి. ఉన్న సూటు లాండ్రీలో, లాండ్రీవాళ్లు సమ్మెలో. ఎరువు తెచ్చుకున్నది బస్సు పాలు. పంచెతోనే పోతాడు. మిగతాదంతా కలకత్తాయే.

ఇది చూసి మా మిత్రుడొకడికి పూనకం వచ్చింది. అరువు కెమెరాతో కోఠీలో దిగాడు. ఒకడు పెద్ద అద్దం మోసుకుంటూ మొజంజాహీ మార్కెట్టు నుంచి సుల్తాన్ బజారు దాకా నడుస్తాడు. మాటల్లేవు, పాటల్లేవు. ఆ మోసేవాణ్ణి నేను. రుమాళ్లమ్మే కుర్రాడొకడు అడ్డంవచ్చి, “ఏం షూటింగన్నా? హీరో ఎవరు?” అన్నాడు. నేనేనన్నాను. నన్ను కిందికీ పైకీ చూశాడు. “గట్లనా. జర నిలబడు” అని జేబులోంచి దువ్వెన తీసి, నా అద్దంలో తల దువ్వుకోవడం మొదలెట్టాడు. వాడి వెనక ఇంకొకడు నిలబడ్డాడు. కాసేపటికి మీసాలు సవరించుకునేవాళ్లూ బొట్టు సరిచేసుకునేవాళ్లూ కలిసి చిన్న లైనే కట్టారు. అద్దంలో వాళ్ల మొహాలు, మొహాల వెనక బస్సులు, బస్సుల సందులో మా కెమెరా.

తర్వాత దాన్ని ఒక ఫిల్మ్ క్లబ్బులో వేస్తే, ఓ పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుంటూ, “అంతా బావుంది బాబూ, ఆ జనం లెన్సు చూస్తున్నారు, ఆ ముక్క తీసెయ్యండి” అన్నాడు. మావాడు తీసేశాడు! ఆ పెద్దమనిషి ఇప్పటికీ పెళ్లిళ్లలో తగులుతుంటాడు. నేను నమస్కారం పెట్టను.

అదే మృణాల్ సేన్ 1977లో తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశాడు. కథ ప్రేమ్‌చంద్‌ది, దర్శకుడు బెంగాలీ, వెంకయ్యగా వేసిన వాసుదేవరావు కన్నడ నటుడు, తెలుగు మాత్రం మనది. పండగలకు వేసిన బొమ్మలే వేసే టీవీవాళ్లు ఒక్కసారి దీన్ని వేస్తే ఏం పోయింది? ఎంత పనిచేసినా దొర కడుపే నిండుతుంది గనక అసలు చెయ్యనే చెయ్యనని కూచుంటాడు వెంకయ్య. నాతో కలిసి చూస్తూ మా మామయ్య సగంలో లేచి వాకిట్లోకి పోయి సిగరెట్టు ముట్టించాడు. “మా పాలేళ్లలోనూ ఇట్లాంటివాడు ఒకడుండేవాడురా” అన్నాడు. ఆ పాలేరు మహా గట్టివాడట. ఎడ్లను కూడా బతిమాలే తోలేవాడట, అవి కదలకపోతే వాటి పక్కనే పడుకునేవాడట.