కేసరితో వనపర్తి ప్రయాణం

మా కుక్కపిల్ల పేరు కేసరి. సింహమనే భ్రమతో పెట్టిన పేరు కాదు లెండి. నాగర్‌కర్నూల్లో కేసరి సముద్రం చెరువుగట్టున మా బావమరిదికి దొరికింది. అక్కణ్ణించి పిండివంటల బుట్ట పక్కనే కూర్చుని గద్వాలకు వచ్చింది. నేను పాఠాలు చెప్పే కళాశాల సోమనాద్రి కట్టించిన కోటలోనే ఉంది. సాయంత్రాలు మా అమ్మాయి దాన్ని వెంటబెట్టుకుని, కోటలోని చెన్నకేశవస్వామి గుడిదాకా నాకు ఎదురొచ్చేది.

ఆ దారిలోనే ఒకనాడు మోటారు సైకిలు చక్రం దాని వెనక తొడమీదుగా పోయింది.

ఊళ్లో పశువైద్యుడు చూసి, "తొడ ఎముక విరిగింది సార్. ఇక్కడ పైకట్టు నిలవదు, తుంటి కీలు కదులుతూనే ఉంటుంది. లోపల ఉక్కు కడ్డీ వేయాలి. వనపర్తి తీసుకెళ్లండి" అన్నాడు. "వీధికుక్కలు మూడు కాళ్లతో బతకడం లేదా?" అన్నారు ఇరుగుపొరుగు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకూ అదే అనిపించింది. అమ్మాయి అన్నం ముట్టలేదు. మా ఆవిడ చీటీ డబ్బు తెచ్చి, ఒక్క మాటైనా అనకుండా నా బల్లమీద పెట్టింది.

మర్నాడు శనివారం. నడిగడ్డ దాటి బీచుపల్లి వంతెన ఎక్కగానే అమ్మాయి ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టింది. పెబ్బేరులో సంత! ఎడ్లూ పొట్టేళ్లూ దారినిండా. కారు ఆగి కదిలినప్పుడల్లా కేసరి మూలిగేది.

వనపర్తిలో డాక్టరుగారు ఎక్స్‌రే తీసి, "పసిప్రాణం, మత్తుకు తట్టుకోకపోవచ్చు" అంటూ కాగితం ముందుకు తోశారు. సంతకం చేస్తుంటే చెయ్యి వణికింది. గంటన్నర పడుతుందంటే రాజప్రాసాదం వైపు నడిచాను. 1959 నుంచీ అందులో పాలిటెక్నిక్ నడుస్తోంది. ఎంతో చక్కని కట్టడమంటారు. అంతసేపు దాని ముందు నిలబడి కూడా ఏం చూశానంటే చెప్పలేను.

తిరిగి వచ్చేసరికి అమ్మాయి పక్కన ఒక ముసలి రైతు, మేకను పట్టుకుని కూర్చున్నాడు.

"కుక్కపిల్లకు ఇంత ఖర్చా సారూ?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. "నీ మేకకైతే?" అంది అమ్మాయి.

"అది వాకిట్ల పుట్టింది బిడ్డా" అన్నాడాయన. అని, తలుపు తెరుచుకునేదాకా తన వంతు వచ్చినా లేవలేదు.

కేసరిని తువ్వాలలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసా పెట్టి తెచ్చారు. మత్తులో పిల్లలు తొందరగా చల్లబడిపోతాయట. కళ్లు సగం తెరిచింది. తోక చివర ఒక్కసారి కదిలింది. ముసలాయనే ముందు చూసి, "ఆడించింది, ఆడించింది!" అన్నాడు.

ఐదు వారాలకు ఎముక అతికి, కడ్డీ తీశారు. సంక్రాంతికి నాగర్‌కర్నూల్ వెళ్లాం. చెరువుగట్టున పరుగెడుతున్న కేసరిని చూపి, విరిగిన కాలేదో చెప్పమన్నాను. మా బావమరిది చాలాసేపు చూసి ముందుకాలు చూపించాడు.