మక్తల్‌లో ఒక శుక్రవారం

మహబూబ్‌నగర్ నుండి రాయచూరుకు సాగే రహదారిపై మక్తల్ ఉంది. ఒక శుక్రవారం అక్కడ మామూజాన్ ఇంటికి వెళ్లాను. కాళ్లు సహకరించని ఆయన జుమా నమాజుకు బ్యాటరీ స్కూటరుపై వెళతారు. ఆరోజు తాళంచెవి తిప్పితే దీపం వెలిగింది గాని బండి కదలలేదు. అంతలో అజాన్ వినిపించింది. ఎత్తుకుని తీసుకువెళతామన్నారు ఇరుగుపొరుగు యువకులు.

"ఆగండి బేటా, మొదట వెనుక చక్రాల దగ్గరి మీట చూడండి" అన్నారాయన.

ఉదయం పిల్లలు బండిని వేపచెట్టు నీడకు నెట్టేందుకు ఆ మీటను విడిపించి, తిరిగి బిగించడం మరిచారు. అలా ఉంటే మోటారు చక్రాలను తిప్పలేదు. వాలులో బ్రేకూ పట్టదు. తాళంచెవి తీసి, మీట బిగించి, మళ్లీ తిప్పగానే బండి కదిలింది. మామూజాన్ తానే నడుపుకుంటూ మసీదుకు చేరారు.

సాయం చేయబోయే ముందు అడగాలని ఆనాడు నేర్చుకున్నాను.