మొదటి డెబ్బయ్యి దేశాల్లో లేనివాడు

2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్బు సునీల్ ఛెత్రితో మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆట నచ్చింది, సంతకాలయ్యాయి. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం వర్క్ పర్మిట్ ఇవ్వనంది. అతని ఆటలో లోపం ఉండి కాదు. ఫిఫా ర్యాంకుల్లో భారత జట్టు మొదటి డెబ్బయ్యి స్థానాల్లో లేదు, అందుకని.

క్యాన్సస్‌లో ఉంటున్న మా తెలుగువాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. గ్రీన్ కార్డు వరుసలో మా చోటు తేల్చేది పుట్టిన దేశం. ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో ఏ దేశం వాళ్లకైనా ఏడాదికి ఏడు శాతానికి మించి ఇవ్వకూడదని చట్టం. చిన్న దేశంలో పుట్టినవాడు మా తర్వాత ఉద్యోగంలో చేరి, మా కంటే ముందు కార్డు తెచ్చుకుని, మాకే పార్టీ ఇస్తాడు.

జగ్గయ్యపేట నుంచి మా బాబాయి ఫోన్ చేస్తే ముందు దాని గురించే.

"కార్డు ఎందాకా వచ్చిందిరా?"

"వరుసలోనే ఉన్నాం బాబాయ్."

"బెజవాడ బస్సెక్కి ఇన్నేళ్లయింది, ఇంకా నందిగామ కూడా రాలేదా?"

ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1984 ఆగస్టు 3న. తండ్రి సైనికుడు. తల్లి నేపాల్ మహిళల జట్టుకు ఆడిన మనిషి. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి, అందులోనే గోల్ కొట్టాడు. 2008లో ఢిల్లీలో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్తాన్ మీద మూడు గోల్స్ చేశాడు. భారత్ 2011 ఆసియా కప్‌కు వెళ్లింది ఆ గెలుపుతోనే.

లండన్ తలుపు మూసుకున్న మరుసటి ఏడాది అతను వచ్చింది మా ఊరి జట్టుకే. అప్పట్లో దాని పేరు క్యాన్సస్ సిటీ విజార్డ్స్. 2010 జులైలో ఆరోహెడ్ స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. విజార్డ్స్ 2-1తో గెలిచింది. లీగ్‌లో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఇంటిదారి పట్టాడు. 2012లో లిస్బన్ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్బు రెండో జట్టులో చేరాడు. అక్కడా నిలదొక్కుకోలేదు. 2013లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు.

విదేశంలో కుదరక తిరిగొచ్చినవాణ్ణి మన ఊళ్లలో ఎలా చూస్తారో తెలిసిందే. ఇతను తిరిగొచ్చి దేశపు జట్టుకు కెప్టెన్‌గా, అసలు బలంగా నిలిచాడు. 2015 మార్చిలో 173వ ర్యాంకులో ఉన్న భారత్ 2017 జులైకి 96కి చేరింది. 2018లో ముంబైలో చైనీస్ తైపీ మీద అతను మూడు గోల్స్ కొడితే చూడ్డానికి వచ్చినవాళ్లు మూడు వేల మంది కూడా లేరు. తిట్టడానికైనా సరే మైదానానికి రండని వీడియోలో బతిమాలాడు. తర్వాత కెన్యాతో జరిగింది అతని నూరో మ్యాచ్. వానలో కూడా స్టేడియం నిండిపోయింది, రెండు గోల్స్ కొట్టాడు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి వీడ్కోలు చెప్పేనాటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. దేశాల తరఫున గోల్స్ కొట్టిన మగవాళ్లలో అప్పటికి అతని పైన రొనాల్డో, అలీ దాయీ, మెస్సీ మాత్రమే ఉన్నారు.

తొమ్మిది నెలలకే అతన్ని మళ్లీ పిలిపించారు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వ గోల్ కొట్టాడు. అప్పటికి వయసు నలభై. అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే సిగ్గేసింది. ఇరవై ఏళ్లలో ఇంత దేశం ఇంకో స్ట్రైకర్‌ను తయారు చేసుకోలేదా? ర్యాంకు ఎప్పుడో మళ్లీ వంద దాటిపోయింది. దేశాన్ని బట్టి మనిషిని తూచడం అన్యాయమే. దేశం బరువంతా ఒక్కడి కాళ్ల మీద పెట్టడం మాత్రం న్యాయమా?

ఇది మనకు పాత అలవాటే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో దేశానికి బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన హయాంలోదే. 1963లో ఆయన పోయాక మన ఫుట్‌బాల్ మళ్లీ ఆ ఎత్తు చూడలేదు. అంత వైభవం వెలిగిన హైదరాబాద్ మా సొంతూరు జగ్గయ్యపేటకు హైవే మీద మూడు, నాలుగు గంటల దూరం. అయినా ఆ బంతి కోదాడ దాటి మా పేటకు రాలేదు. మా చిన్నప్పుడు సాయంత్రాలు వాలీబాల్‌వి, సంక్రాంతి కబడ్డీది, మిగిలిందంతా క్రికెట్‌ది.

విదేశాల్లో ఉన్న మా ప్రాంతం వాళ్లం గుడికి గోపురం కట్టిస్తాం, బడికి ముఖద్వారం కట్టించి పేర్లు చెక్కించుకుంటాం. అందులో కొంత సొమ్ముతో జగ్గయ్యపేటలో ఒకరికి, నందిగామలో ఒకరికి ఫుట్‌బాల్ కోచ్‌లుగా పదేళ్లపాటు జీతమివ్వచ్చు. పాలరాతి మీద పేరు రాదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ రోజూ సాయంత్రం బంతి పట్టుకుని మైదానంలో నిలబడే మనిషంటూ ఒకరుంటారు. వాళ్లలోంచి ఛెత్రి రాకపోయినా ఫర్వాలేదు. అతని తర్వాత ఎవరని దేశం వెతుక్కునే రోజున, మన దగ్గర చూపించడానికి పదిమందైనా ఉండాలి.