నడిస్తే వచ్చే నొప్పి గ్యాసేనా?

స్కాట్లండులో ‘లాఖ్ ఆ’ అనే సరస్సు ఒడ్డున కిల్‌చర్న్ కోట ఉంది. 15వ శతాబ్దంలో క్యాంప్‌బెల్ వంశంవారు కట్టించారు. 1760లో పిడుగుపాటుకు దెబ్బతిని పాడుబడిపోయింది. విరిగిన బురుజొకటి లోపలి ఆవరణలో తలకిందులుగా పడి ఉంటుంది. రోడ్డు నుంచి రైలు వంతెన కిందుగా దారి. కొంచెం దూరమే, ఎత్తుపల్లాలు లేవు.

మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వియ్యాలవారితో కలిసి బయలుదేరాం. మోకాళ్ళ నొప్పుల మా ఆవిడే అందరికన్నా ముందు నడిచింది. వియ్యంకుడుగారు మాత్రం రెండుసార్లు ఆగి, కోట చూస్తున్నట్టు నిలబడ్డారు.

“ఏం లేదు డాక్టరుగారూ, గ్యాసు” అన్నారు. నడిస్తే ఛాతీ బిగుస్తోందట, నిలబడితే తగ్గుతోందట! మీరు నడుస్తున్నారో నిలుచున్నారో గ్యాసుకు పట్టదండీ, గుండెకు పడుతుంది. చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. కడుపునిండా తిని నడిస్తే మరీను.

కాసేపు కూర్చోబెట్టి, మెల్లగా వెనక్కి తీసుకొచ్చాను. కోట చూడనివ్వలేదని ఆయనకు కోపం. పరీక్షల్లో గుండె రక్తనాళం సన్నబడిందని తేలింది.

మీకూ ఇలాగే ఉంటే వాము నమిలి ఊరుకోకండి. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన నిశ్చింత పడకండి, డాక్టరుకు మొత్తం చెప్పండి. కూర్చున్నా నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయక అంబులెన్సును పిలవండి. మన దగ్గర 108, బ్రిటన్‌లో 999.