పెండ్లి మాత్రం ఆపు

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

వదినా,

నువ్వు మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడు అంగన్‌వాడీల తల్లులు పప్పన్నం తింటున్నరు. అందుకే పొడిపొడిగ మాట్లాడిన, ఏమనుకోకు. గిసొంటి ముచ్చట నలుగురిల చెప్పేది కాదు గదా, రాస్తున్న.

మీ అక్క బిడ్డకు పదిహేడు, ఇప్పుడు మూడో నెల. అమ్మనాయిన కాడ ఉండనంటున్నది, చట్టం ఒప్పుకుంటదా అని అడిగినవు. అమెరికాల కొన్ని రాష్ట్రాలల్ల పద్దెనిమిది నిండకముందే కోర్టుకు పోయి తల్లిదండ్రుల నుంచి విడిపోవచ్చు. మన దగ్గర ఆ దారి లేదు. 1875 నాటి చట్టం లెక్కన పద్దెనిమిది నిండితేనే మేజరు. కడుపొచ్చినా, తాళి పడ్డా ఆ లెక్క మారదు.

అట్లని దెబ్బలు తినుకుంట పడి ఉండాల్నని గూడ లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి పిల్ల తానే ఫోన్ చేయొచ్చు. బాలల సంక్షేమ సమితి ముందటికి తీస్కపోతరు. ఇల్లు క్షేమం కాదని తేలితె హోంల ఉంచుతరు, లేకుంటె నమ్మకమున్న చుట్టాల కాడ. పిల్ల మాట వినాలె వాళ్లు. హోంల సుఖమని నేను చెప్ప, గేటు దాటాలంటె అనుమతి కావాలె. కాని బెల్టు దెబ్బలుండయి.

దాచకుండ ఒకటి చెప్త. పద్దెనిమిది లోపు పిల్ల కడుపుతోని దవాఖానకు పోతె డాక్టరు పోలీసులకు తెలుపక తప్పదు. 2012 పోక్సో చట్టం అట్లున్నది, తెలిసి నేను గూడ దాయరాదు. ఇష్టపడి కలిసినా కేసే. పాశమైలారం కంపెనీల షిఫ్టుకు పోయే ఆ పిలగాడు జైలుకు పోతడని ఏడుస్తున్నదంటివి. గా భయంతోనే మనోళ్లు మెడికల్ షాపుల గోళీలు తెచ్చి మింగిపిస్తరు. రక్తం ఆగక ప్రాణం మీదికొస్తది. తీయించుకోను వచ్చిన పిల్లా, ఆమె గార్డియనూ కోరితె, పోలీసులకిచ్చే సమాచారంల పిల్ల పేరు పెట్టనక్కర లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది.

తీయించుకోనీకి ఇరవై వారాల దాంక ఒక్క డాక్టరు చాలు. మైనరుకైతె ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటె ఇరవై నాలుగు దాంక అయితది. గార్డియన్ సంతకం కావాలె. గార్డియనంటె కన్నోళ్లే అని గర్భం తీయించుకునే చట్టంల లేదు, పిల్ల ఆలనాపాలనా చూసేటోళ్లు. ఇగ ఉంచుకుంటనని ఆమె అంటె బలవంతంగ తీయించొద్దు. ఇదివరకు ఒక తండ్రి మద్రాసు హైకోర్టుకు పోయి గదే అడిగితె ఒప్పుకోలేదు. కన్నంక పెంచలేనంటె సమితికి అప్పజెప్పొచ్చు, మనసు మార్చుకోనీకి అరవై రోజులుంటయి.

మీ బావ గప్‌చుప్‌గ పెండ్లి చేద్దామంటున్నడు సూడు, నాకు ఒళ్లు మండుతున్నది. చేసినోళ్లకు రెండేండ్ల జైలు దాంక ఉన్నది 2006 బాల్య వివాహాల చట్టంల. కల్యాణలక్ష్మి రాదు. పెండ్లయితె కేసు పోతదనుకుంటున్నడేమో, భార్య అయినా పద్దెనిమిది లోపు నేరమేనని 2017ల సుప్రీంకోర్టు తేల్చింది. అయినా, నాయిన కట్టుబాటు నుంచి అత్త కట్టుబాటుకు పోవుడు స్వేచ్ఛ ఎట్లయితది? ఒకవేళ చేసేస్తె, ఇరవై నిండేలోపు ఆమె కోర్టుల రద్దు అడగొచ్చు, భరణం గూడ అడగొచ్చు. బిడ్డ సక్రమ సంతానమే.

మా అంగన్‌వాడీ రిజిస్టర్‌ల వయసు గడి కాడికి రాంగనే తల్లులు "పందొమ్మిది రాయుండ్రి టీచర్" అంటరు. ఆధార్ కార్డు మాత్రం చెంగు కింద దాస్తరు. పేరు రాయించుకుంటె రోజూ అన్నం, గుడ్డు, పాలు దొరుకుతయి. వయసు దాయబోయి పిల్లను అదే తిండికి దూరం చేస్తరు. మీ అక్క బిడ్డ ఆగిన ఇంటర్‌ను ఓపెన్ స్కూల్‌ల కట్టొచ్చు. సంగారెడ్డి కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆడోళ్లకు, పిల్లలకు వకీలును ఉత్తగనే ఇస్తది, సంపాదనతోని పని లేదు.

వారాలు లెక్కల ఉన్నయి వదినా, నువ్వు సెలవు మీద వచ్చేదాంక ఆగొద్దు. ఇయ్యాలనే మీ అక్కకు ఫోన్ చేసి పెండ్లి ముచ్చట ఆపు. పిల్లకు 1098 నంబరు నువ్వే చెప్పు.

నీ వదిన