గ్రిప్పు ఉంది సరే, వయసెంత?

వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినబడాల్సిందే. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఈ ఊరికి వింత కాదు. గాలి అంత వేడిగా ఉన్నప్పుడు తారురోడ్డు ఇంకా ఎక్కువ కాలుతుంది. అందుకే నా ఇంటి పద్దులో కారు టైర్లను కిలోమీటర్ల ఖర్చుగా కాక ఏళ్ల ఖర్చుగా రాసుకుంటాను. పల్నాడులో సొంత కార్లు చాలావరకు రోజూ తిరిగేవి కావు. పెళ్లికో, ఆస్పత్రికో, గుంటూరు మిర్చి యార్డులో పనికో తీస్తారు. మిగతా రోజుల్లో వాకిట్లోనో చెట్టు కిందో ఉంటాయి. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేళ్లు గడిచినా గ్రిప్పు సగం పైనే మిగులుతుంది. అరగని టైరును మార్చడమేమిటన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. గ్రిప్పు ఎంత మిగిలినా ఆరేళ్లకు మార్చాల్సిందేనని నా వాదన. పైగా అలా మార్చడం వల్ల పోయే డబ్బు మనం భయపడేంత లేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటుంది. అది అరుగుదలకు కొలత. రబ్బరు ముసలిదవడం వేరే సంగతి. గాలిలోని ఆక్సిజన్ రబ్బరును లోపలినుంచి గట్టిపరుస్తూ పోతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ పని వేగం పుంజుకుంటుంది. కిటికీలో ఎండకు వదిలేసిన రబ్బరు బ్యాండు ఏమవుతుందో తెలిసిందే కదా. టైరులో ఓజోన్‌ను అడ్డుకునే మందులు కలుపుతారు కానీ, అవి పైకి రావాలంటే టైరు తిరుగుతూ నలుగుతూ ఉండాలి. అంటే కదలకుండా నిలబెట్టిన కారు టైరు క్షేమంగా ఉందనుకోవడం పొరపాటే. పక్కగోడ మీద, గాళ్ల అడుగున సన్నటి పగుళ్లు కనబడితే అది ఒక సాక్ష్యం. కనబడకపోయినా లోపలి ఉక్కు పొరలకు రబ్బరు పట్టు సడలి ఉండవచ్చు. దాన్ని బయటినుంచి చూసి చెప్పడం టైరు పని ఏళ్లుగా చేస్తున్నవాళ్లకైనా కష్టం.

మిగిలిన ఆధారం తయారీ తేదీ. పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడాలి. 1419 అని ఉంటే 2019లో 14వ వారం, అంటే ఏప్రిల్ తొలి రోజుల సరుకు. ఒక్కోసారి ఆ అంకెలు కారు లోపలివైపుకు ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఫోను లైటు వేసి, వంగి చదవాల్సి వస్తుంది.

వేడికీ వయసుకీ ఉన్న సంబంధానికి గట్టి లెక్క అమెరికా రహదారి భద్రతా సంస్థ 2007లో అక్కడి కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో ఉంది. ఒక పెద్ద బీమా కంపెనీ పాలసీదారుల్లో టెక్సస్, కాలిఫోర్నియా, లూయిసియానా, ఫ్లోరిడా, అరిజోనాల వాళ్లు 27 శాతమే. టైర్ల క్లెయిముల్లో మాత్రం 77 శాతం ఆ అయిదు వేడి రాష్ట్రాలవే. అందులోనూ 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లు. అక్కడి రోడ్లు, వేగాలు వేరు కదా అనవచ్చు. నిజమే, ఆ అంకెలు యథాతథంగా పల్నాడుకు అతకవు. కానీ ఎక్కువ తిరిగే కారు టైర్లు ఆరేళ్లు నిండకముందే అరిగి మారిపోతాయి. అలా రోడ్డు మీద పాతవి తక్కువే ఉన్నా క్లెయిముల్లో అవే అంత ఎక్కువగా ఉండటాన్ని కొట్టిపారేయలేం. బ్రిటన్‌లో 2012లో ఒక బస్సు ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. పేలిన ముందు టైరు వయసు 19 ఏళ్ల పైమాటే. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదు. పదేళ్ల వరకూ పర్వాలేదనే టైరు కంపెనీలూ ఉన్నాయి, ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. చల్లటి ఊళ్లో ఉంటే నేను ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఆగేవాణ్ని. రెంటచింతల ఎండకు ఆరే సరి.

ఇక డబ్బు. చిన్న కారు టైరు నాలుగు వేలు అనుకుందాం. నాలుగింటికి 16,000. ఆరేళ్లకు పంచితే ఏడాదికి సుమారు 2,700, నెలకు 225. టైర్లు మార్చడం ఒక ఏడాది వాయిదా వేసినప్పుడు 16,000 మిగిలాయని మనసు చెబుతుంది. నిజంగా మిగిలేది ఒక్క ఏడాది వాటా, ఆ 2,700 లోపే. మిగతాది ఎలాగూ వచ్చే ఏడాది కట్టాల్సిందే. అరగకుండా మిగిలిన గ్రిప్పుకు పెట్టిన డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, దాన్ని వాడేసుకోవాలని చూస్తే తిరిగి రాదు. పోనీ బీమా ఆదుకుంటుందా? మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పాడైతే పైసా రాదు. అదే ప్రమాదంలో కారూ దెబ్బతింటేనే టైరు ధరలో సగం వరకు ఇస్తారు.

మేం నలభై దాటించం, ఊళ్లోనే తిరుగుతాం అనేవాళ్ల అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. తక్కువ వేగం, తక్కువ బరువు మీద ప్రమాదం తగ్గుతుంది, ఒప్పుకోవాల్సిందే. చిక్కేమిటంటే పదకొండు నెలలు ఊరు దాటని ఆ కారే వేసవి సెలవుల్లో అయిదుగురినీ సామాన్నీ ఎక్కించుకుని మాచర్ల, సాగర్ మీదుగా హైదరాబాదుకో, లేదా తిరుపతికో పరుగు తీస్తుంది. పాత రబ్బరుకు వేడి, బరువు, వేగం ఒకేరోజు ఎదురవుతాయి. ఎండాకాలం పేలుతుందని గాలి తగ్గించే అలవాటొకటి ఉంది, అది ఇంకా చేటు. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి మరింత వేడెక్కుతుంది. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత కొట్టించాలి. నైట్రోజన్ నింపితే వయసు ఆగుతుందన్న ఆశ కూడా వద్దు, బయటి గాలికి అడ్డేముంది?

దుకాణదారుకు అమ్ముకోవాలనే ఉంటుంది కదా అన్న అనుమానం సబబే. అందుకే అతని మాట కాక ఆ నాలుగంకెలు చూడమంటున్నాను. తగ్గింపు ధరకు ఇచ్చే కొత్త టైరు మీదా చూడండి: రెండేళ్ల పాత సరుకైతే మన లెక్కలో మూడో వంతు ఆయుష్షు పోయినట్టే, ధర అంతకు తగ్గకపోతే బేరం కాదు. సెకండ్ హ్యాండ్ టైరు గురించి చెప్పేదేమీ లేదు, కొనకండి. పాతవి టైరు బండికి పనికొస్తాయనుకుంటే అక్కడికి పంపవచ్చు, ఎద్దు వేగానికి రబ్బరు వయసు పట్టింపు లేదు. ఒకేసారి 16,000 కుదరకపోతే ఇప్పుడు రెండు, కొద్ది నెలల్లో రెండు మార్చుకోవచ్చు. కొత్త జత వెనక చక్రాలకు వేయించండి. వెనక పట్టు తప్పితే కారును అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు. మార్చి రాకముందే ఈ పని ముగించండి. అంకెలు చదివేటప్పుడు డిక్కీలోని స్టెప్నీని మరిచిపోవద్దు, దానికీ అదే ఆరేళ్లు.